మింగడంలో మర్యాదలు

పాకాల వైపు ఎవరింటికైనా భోజనాల వేళకు వెళ్ళారనుకోండి. "రెండు ముద్దలు మింగి పోప్పా" అంటారు. నొచ్చుకోకండి, అది ఆప్యాయతే. రాగిసంగటిని నమిలేవాడు సీమవాడే కాదు. వేడి ముద్దలోంచి ఇంత తుంచి, వేళ్ళతో ఉండ చేసి, పులుసులో దొర్లించి గొంతులోకి జార్చాలి. నమిలారో, పళ్ళకు అతుక్కుని కూర్చుంటుంది. మింగడం ఇక్కడ తిట్టు కాదు, తినే పద్ధతి.

అదే మాట ఊరి చెరువు దగ్గరికి పోతే కథ మారిపోతుంది. "చెరువును మింగేసినాడు" అంటే కాలవ మొదలుకొని కట్ట దాకా కలిపేసుకుని రాళ్ళు పాతేశాడని. అక్కడ పులుసు కూడా అక్కర్లేదు.

తిండి మాటల్ని దొంగతనానికి వాడుకోవడంలో మనల్ని మించినవాళ్ళు లేరనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళు ఆబగా తినేవాడికి తోడేలు పేరు పెట్టి 'వుల్ఫ్' చేశాడంటారు, అన్నీ తనకే కావాలనేవాడికి పంది పేరు పెట్టి 'హాగ్' అంటారు. పుస్తకాన్ని 'డివౌర్' చేశాడంటే మాత్రం మెచ్చుకోలు. మనకూ జంతువులున్నాయి. కానీ చిన్న దొంగలకే. ఫైలు కదపడానికి చేయి చాపినవాడు మేస్తాడు, మెక్కుతాడు, బొక్కుతాడు, మరీ కక్కుర్తి అయితే నాకేస్తాడు. గడ్డి తినడమూ ఉంది. 1996లో బయటపడ్డ బీహారు దాణా కుంభకోణంతో ఆ మాట అక్షరాలా నిజమై కూర్చుంది.

పెద్ద దొంగ దగ్గరికొచ్చేసరికి మన నాలుకకు ఎక్కడలేని భక్తీ పుట్టుకొస్తుంది. కోట్లు మింగినవాడు మెక్కాడని అనం. ఆరగించాడంటాం. ఆరగింపు ఎవరికండీ? కొండమీద స్వామికి. స్వాహా చేశాడంటాం, అది హోమంలో నెయ్యి పోస్తూ అనే మాట. కైంకర్యం చేశాడంటాం, అది దేవుడికి చేసే సేవ. పోగొట్టుకున్నవాడికీ గుడి మాటలే మిగిలాయి: నెత్తిన శఠగోపం, నుదుట పంగనామం, సొమ్ము గోవిందా! తిరుపతికి ఇంత దగ్గరగా ఉండి గోవిందనామం ఇలా వినడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. ఇంతా చేసి ఆ వ్యవహారం మొత్తానికి పెట్టిన పేరేమిటి? కుంభకోణం. గుడుల ఊరిని కూడా వదల్లేదు.

నిజానికి పెద్ద తిండికి పెద్ద మాట అందుకోదగ్గవాడు ఒకడున్నాడు, అగస్త్యుడు. పాకాల దగ్గర కొండల్లో పుట్టే స్వర్ణముఖిని ఆయనే తెచ్చాడని స్థలపురాణం. చంద్రగిరి పక్కన తొండవాడలో ఏటి ఒడ్డునే అగస్త్యేశ్వరుడి గుడి ఉంది. వాతాపి అనే రాక్షసుణ్ణి తిని, పొట్ట నిమిరి, జీర్ణం చేసుకున్నాడు. సముద్రాన్ని ఔపోసన పట్టాడు. అందుకేనేమో శాస్త్రాలు నేర్చినవాణ్ణి ఔపోసన పట్టాడంటాం, చదివింది ఒంటబట్టితే జీర్ణించుకున్నాడంటాం. తిండి మాటకు ఇంతకన్నా గౌరవం ఏం కావాలి? అయితే ఆయన తాగింది దేవతల కోసం, వాతాపిని అరిగించుకుంది జనం పీడ వదిలించడానికి. తన పేరున పట్టా చేయించుకోలేదు. ఆయన తెచ్చిన ఏట్లో ఇసుకకు ఈనాడు పట్టిన గతి చూస్తే, ఔపోసన పట్టేవాళ్ళకు కొదవ లేదని తెలుస్తుంది.

రేపు పేపర్లో "నిధులు స్వాహా" అని కనిపిస్తే ఒక్క పని చేయండి. పెన్ను తీసి ఆ స్వాహా కొట్టేసి, "మెక్కాడు" అని రాసుకోండి. దేవుడి మాటలు దేవుడికి వదిలేద్దాం. ఇంకా మొరటు మాట మీ ఊళ్ళో ఏదైనా ఉంటే నాకూ చెప్పండి, వాడుకుంటాను.