ఎదుటివాని కన్ను

మోటారుబండి ముందు వెలిగే దీపానికి తెలుగులో నిలిచిన పేరు లేదు. నాబోటి పండితుడు ‘ముందుదీపం’ అని మనసులో అనుకున్నా, మా వేంసూరులో ఎవరైనా ‘హెడ్‌లైటు’ అనే అంటారు; అందులోని బల్బు మాడిపోతే ‘లైటు పోయింది’ అంటారు. మా చిన్నకారుకు ఇటీవల ఎడమవైపు లైటు పోయింది. కొత్త బల్బు కొనడం పది నిమిషాల పని అనుకొని సత్తుపల్లి వెళ్ళిన నాకు అక్కడ ఒక ధర్మసందేహమే ఎదురైంది. ఆ సందేహాన్నీ, దానికి నేను వెదుక్కున్న సమాధానాన్నీ మిత్రులతో పంచుకోవాలని ఈ టపా.

దుకాణంలోని కుర్రవాడు మూడు పెట్టెలు నా ముందు పెట్టాడు. మొదటిది కారుతో వచ్చినటువంటిదే: హెచ్-4 రకం హాలోజన్ బల్బు, 60/55 వాట్లు. రెండవది అదే ఆకారంలో 100/90 వాట్లు. మూడవది చిన్న విసనకర్రతో సహా వచ్చే ఎల్ఈడీ.

“మాస్టారూ, మీ దారికి ఆ గుడ్డిలైట్లు ఏం చాలతయి? వందా తొంభై వేయించుకోండి, పట్టపగల్లెక్క ఉంటది” అన్నాడు. ఫోనులో మా అబ్బాయి “నాన్నగారూ, ఎల్ఈడీ పెట్టించండి, ఇప్పుడందరూ అదే” అన్నాడు. ఇద్దరూ నా మేలు కోరినవారే.

వెలుగు నాకు విలాసం కాదు. మా ఇంటావిడకు ఉబ్బసం. ఏడాదిలో రెండు మూడు మార్లు అర్ధరాత్రి ఆమెను కూర్చోబెట్టుకొని సత్తుపల్లికి పరుగెత్తక తప్పదు. ఊరి దీపాలు దాటితే మామిడితోటల నడుమ కటికచీకటి. కోతల కాలంలో తారురోడ్డు మీద సగందాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉంచుతారు. వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రక్కులు, నల్లని బర్రెలు, తెల్లవారక ముందే పనికి బయలుదేరిన కూలీలు, సత్తుపల్లి ఓపెన్‌కాస్టు గనుల బొగ్గు టిప్పర్లు - ఇన్నిటినీ తప్పుకొని పోవాలి. దీనికి తోడు వయసు. అరవై ఏళ్ళవాని కంటిపాప చీకట్లో పూర్వంలా విచ్చుకోదు, కంటికటకం పసుపుబారుతుంది. ఇరవై ఏళ్ళనాటి కంటి లోపలికి చేరే వెలుగులో ఇప్పుడు చేరేది సుమారు మూడోవంతేనని నేత్రశాస్త్రం చెబుతుంది. కనుక ఎక్కువ వెలుగు కావాలన్న ఆశ నాలోనూ బలంగానే ఉంది.

అయితే ఎదురుగా వచ్చే సైకిలువాని మాటేమిటి? అతనికీ కళ్ళున్నాయి కదా. అతడూ నా ఈడువాడే కావచ్చు.

అందుచేత బల్బు కొనే ముందు దాని నిర్మాణం తెలుసుకున్నాను. హెచ్-4లో రెండు తీగచుట్టలుంటాయి: ఒకటి దూరపు వెలుగుకు, ఒకటి దించిన వెలుగుకు. దించిన వెలుగు చుట్ట కింద చెంచా వంటి చిన్న లోహపు దొప్ప ఉంటుంది. ఆ దొప్ప కాంతిని అద్దపు దిగువ సగానికి పోనీయదు. పోతే అది పైకెగసి ఎదుటివాని కంట్లో పడుతుంది. ఎగువ సగం మీద పడినది మాత్రమే పరావర్తనం చెంది నేలకు దిగుతుంది. మనం ఎడమవైపు నడిపేవారం గనుక ఎడమ అంచున వెలుగు కాస్త పైకి సాగేలా దీపాన్ని రూపొందిస్తారు. దారి పక్కన నడిచేవారు కనబడేది ఆ కాస్త వెలుగులోనే. ఈ పొందిక అంతా చుట్ట ఉన్న చోటును బట్టి లెక్కకట్టినది.

వంద వాట్ల బల్బులో చుట్ట చోటు అదే అయినా, చెదిరే వెలుగు కూడా వాట్లతో పాటు పెరుగుతుంది. పైగా 60 వాట్లకు 5 ఆంపియర్లు పారే తీగలో 100 వాట్లకు 8 ఆంపియర్లకు పైగా పారుతుంది. తీగ వేడెక్కుతుంది, ప్లాస్టిక్ హోల్డరు కరుగుతుంది, అద్దం మీది పూత చెడుతుంది. ఎల్ఈడీ చిక్కు వేరు. హాలోజన్ చుట్ట కోసం తీర్చిన అద్దం ముందు వేరే ఆకారపు కాంతిమూలం పెడితే వెలుగు గీత దాటి చిమ్మే ప్రమాదం ఉంది. జర్మనీలో 2020 నుంచి కొన్ని ఎల్ఈడీ బల్బులను అనుమతించారు. అదైనా ఏ కారు నమూనాకు ఏ బల్బు సరిపోతుందో పరీక్షించిన మీదటనే.

మన 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి కూడా ఈ ఎదుటివానిని మరువలేదు. దీపానికి 8 మీటర్ల దూరంలో, నేలకు మీటరున్నర ఎత్తున ఉన్న కంటిని మిరుమిట్లు గొలపని విధంగా వెలుగు కిందికి వంగి ఉండాలన్నది అందులోని భావం. చట్టభాషలో కంటి ప్రస్తావన ఉండడం నాకు ముచ్చటగొలిపింది.

తర్కంలోనూ వ్యాకరణంలోనూ ‘దేహళీదీప న్యాయం’ అని ఒకటి ఉంది. గడప మీద పెట్టిన దీపం ఇంటి లోపలికీ బయటికీ కూడా ఉపకరిస్తుంది. ఒక్క పదం అటూ ఇటూ అన్వయించినప్పుడు ఆ పేరు చెబుతాం. కారుదీపం కూడా నాకు దారి చూపడమే కాక, నేను వస్తున్నానని ఎదుటివానికి తెలపాలి. అతని కన్ను మూసుకుపోయేలా వెలిగితే ఆ రెండవ ప్రయోజనం చెడినట్టే.

చివరకు 60/55 వాట్లవే రెండు తీసుకున్నాను. ఒకటి మాడితే రెండవదీ ముసలిదే గనుక జతగా మార్చడం మేలు. గాజును వేలితో తాకనీయలేదు. చేతి జిడ్డు అంటినచోట వేడి ఎక్కువై బల్బు ఆయువు తగ్గుతుంది. మెకానిక్కు మీటరు పెట్టి చూస్తే హోల్డరు దగ్గర వోల్టేజీ తగ్గి ఉంది. ఆ తగ్గుదల పదోవంతైతే వెలుగు ఇంచుమించు మూడోవంతు పడిపోతుందట. తుప్పుపట్టిన ఎర్తుతీగ గీకి బిగించి, రిలే వేసి, పసుపుబారిన దీపపు కప్పును మెరుగుపెట్టి, గోడకు ఎదురుగా కారు నిలిపి వెలుగు ఎత్తు సరిచేశాడు. ఉన్న బల్బులే కొత్త కళతో వెలిగాయి.

మిగిలిన లోటు నా కాలు తీర్చాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగాన కాలు బ్రేకు మీద పడేలోగానే కారు సుమారు 25 మీటర్లు సాగుతుంది. ఆగడానికి మరో 20కి పైగా కావాలి. 40 వేగాన ఈ రెండూ కలిసి 30 మీటర్ల లోపే. దించిన వెలుగులో నల్లదుప్పటి కప్పుకున్న మనిషి కనబడే దూరంలో ఆగగలిగేది ఈ రెండవ లెక్కతోనే. సత్తుపల్లి చేరడానికి కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుందని మా ఇంటావిడకు చెప్పాను. “మీరు నిదానంగా పోనీయండి, మందుపీల్చే గొట్టం నా సంచిలో ఉంటుంది” అన్నది.