ఇరువదియైదేండ్ల నిరీక్షణము

గ్రంథము ముద్రితమైనచో గ్రంథాలయమున నొక మూలనైనను పడియుండి చదువరికై వేచియుండగలదు. సంగీతరచన యట్లు గాదు. కాగితముపై నున్నంతవరకు అది మూగయే. వాద్యకారులు వాయించి, శ్రోతలు విన్ననాడే దానికి ప్రాణము వచ్చును. అట్టి ప్రాణమునకై యొక రచన ఇరువదియైదేండ్లు వేచియుండెను. దాని కర్త రష్యా దేశీయుడగు ద్మిత్రీ షోస్తకోవిచ్.

ఆయన 1906లో సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున జన్మించెను. 1924 మొదలు 1991 వరకు ఆ నగరమునకు లెనిన్‌గ్రాడని పేరు. ఆయనకు పియానో నేర్పిన తొలిగురువు తల్లియే. అనేక వాద్యములు కలసి పలుకు సుదీర్ఘరచనకు సింఫనీ యని పేరు. ఆయన ప్రథమ సింఫనీ 1926లో వినిపింపబడినప్పుడు ఆయనకు పందొమ్మిదేండ్లు. ఆ రచన విదేశములందును కీర్తి తెచ్చెను.

1934లో ప్రదర్శింపబడిన ఆయన సంగీతనాటకమును ప్రజలు రెండేండ్లు ఆదరించిరి. 1936 జనవరిలో దేశాధినేత స్టాలిన్ దానిని చూడవచ్చి, మెచ్చక వెడలిపోయెను. రెండు దినములకే ‘ప్రావ్దా’ పత్రికలో, అది సంగీతము కాదు, గందరగోళమని నిందించుచు పేరులేని వ్యాసమొకటి వెలువడెను. ఆ కాలమున ప్రభుత్వాగ్రహము ప్రాణాంతకము. ఎందరో చెరసాలల పాలైరి, ఎందరో కడతేరిరి.

షోస్తకోవిచ్ అప్పుడు నాలుగవ సింఫనీ రచించుచుండెను. కలము క్రింద పెట్టక ఆ వసంతమున దానిని ముగించెను. నూరుమందికి పైగా వాద్యకారులు కావలసిన మహారచన యది. లెనిన్‌గ్రాడులో అభ్యాసములు జరుగుచుండగనే, డిసెంబరులో ఒత్తిడికి లోనై, దానిని ఉపసంహరించుకొనెను. ఇంట భార్య, ఏడాదియైనను నిండని కూతురు ఉండిరి. ఆయన భయమును తప్పుపట్టుట సులభము. ఆ స్థానమున నిలుచుట కష్టము.

మరుసటి యేడు అయిదవ సింఫనీ జయప్రదమయ్యెను. తరువాత యుద్ధము వచ్చెను. ఆ యుద్ధకాలమున నాలుగవ సింఫనీ మూలప్రతి పోయెను. అయినను వాద్యకారులకు వేర్వేరుగా వ్రాసియిచ్చిన ప్రతులు మిగిలినవి. వానిని కూర్చి మరల పూర్ణప్రతిని సిద్ధపరచిరి. 1953లో స్టాలిన్ మరణించెను. తుదకు 1961 డిసెంబరు 30వ తేదీన, కిరిల్ కొంద్రాషిన్ నిర్వహణమున, మాస్కోలో ఆ సింఫనీ మ్రోగెను. ముప్పదేండ్ల యువకుడు దాచినదానిని, ఏబదియైదేండ్లవాడై సభలో కూర్చుండి వినెను.

ఆ రచన విజయభేరితో ముగియదు. క్రమముగా సన్నగిలి, నిశ్శబ్దములో లీనమగును. పాలకులు కోరిన ఉత్సాహధ్వని అందు లేదు. ఇన్నేండ్లలో ఆ ముగింపును మార్చుటకు ఆయనకు కావలసినంత వ్యవధి యుండెను. ఆయన మార్చలేదు. భయపడి దాచెను గాని, చింపివేయలేదు, దిద్దలేదు. 1975లో ఆయన కన్నుమూసెను. సింఫనీ మాత్రము నేటికిని, ఆయన వ్రాసినట్లే, వినవచ్చుచున్నది.