గాలికుంటు మన పందుల వల్లేనా?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది దివిసీమలో కాలవ గట్టు మీదున్న ఎరుకల పేట. ఊళ్లో గేదెలకి గాలికుంటు వస్తే అందరి వేళ్లూ ముందు మా పందుల వైపే. పోయిన వానాకాలమూ అంతే. గేదెలు చొంగ కార్చుకుంటూ, గిట్టల మధ్య పుండ్లతో కుంటడం మొదలవగానే "మీ పందుల్ని కాలవ అవతలికి తోలేయండి" అన్నారు. మా ఇళ్లల్లో కాలేజీ ఫీజులు కట్టేది ఆ పందులే. అందుకని మేం పిల్లలం కూర్చుని రోజులు లెక్కేశాం. ముందు సంత నుంచి ఒక కొత్త గేదె వచ్చింది. నాలుగో రోజుకి దానికి చొంగ, తర్వాత పక్క కొట్టంలో వాటికి. మా పందులు కుంటింది ఆ తర్వాత వారానికి. ఒక తల్లి పందికి గోరు ఊడి పడింది, దాని పిల్లలు రాత్రికి రాత్రే పోయాయి.

ఇది వైరస్ జబ్బు. చీలిన గిట్టలున్న ఆవు, గేదె, గొర్రె, మేక, పందికే వస్తుంది, గుర్రానికి రాదు. సోకాక బయటపడ్డానికి 2 నుంచి 14 రోజులు పడుతుంది. అందుకే సంతలో బాగున్న గేదె ఇంటికొచ్చాక పడకేస్తుంది. చెప్పులకీ, బండి టైర్లకీ అంటుకుని కూడా వస్తుంది. ఉడకబెట్టని హోటల్ ఎంగిలి పెట్టినా పందికి రావచ్చు. పందికి అసలు సంబంధం లేదని మేం అనట్లేదు. జబ్బు చేసిన పంది ఊపిరిలో గేదె కంటే చాలా ఎక్కువ వైరస్ ఉంటుంది. కానీ తగ్గాక పంది దాన్ని నెలకి మించి మోయదు. ఆవు, గేదెల గొంతులో అయితే నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్లు ఉంటుంది. ఈ ముక్క చెబితే మా తాతలే నమ్మలేదు!

ఇంకోటి, కుంటే ప్రతిదీ గాలికుంటు కాదు. మన డెల్టా కొట్టాల్లో వానాకాలమంతా బురదే కదా. నానిన గిట్ట చీలితే బాక్టీరియా చేరి కుళ్లుతుంది, వాసనొస్తుంది. నోట్లో బొబ్బలు మాత్రం ఉండవు. తౌడు, నూకలు ఒక్కసారే ఎక్కువ పెట్టినా గిట్ట లోపల వాపొస్తుంది. కాబట్టి ముందు నోరు తెరిచి చూడండి, తర్వాత 1962కి ఫోన్ చేయండి.

ఊరి పెద్దలు మా లెక్క విన్నారు. పందులు మాత్రం ఇంకా కాలవ అవతలే ఉన్నాయి. 2019 సెప్టెంబరులో కేంద్రం మొదలుపెట్టిన గాలికుంటు టీకాల పథకంలో పందుల్ని కూడా చేర్చారు. మన పేటల్లోనూ వేయమని అర్జీ రాస్తున్నాం. బందరు, గుడివాడ హాస్టళ్లలో ఉన్న మనోళ్లు మీ పేటలో పందులెన్నో, టీకా పడిందో లేదో కింద రాయండి.