బూడిద రంగు మూత

అద్దంకి,
ఫిబ్రవరి, మిరప కోతల రోజులు



ఊరంతా ఘాటుగా ఉంది. గుండ్లకమ్మ వైపు నుంచి గాలి మళ్లితే చాలు, కల్లాల్లో ఆరబోసిన తేజ మిర్చి తిన్నగా వచ్చి ముక్కులో కూర్చుంటోంది. ఈ నాలుగు వాక్యాలు రాసేలోపు మూడుసార్లు తుమ్మాను. ఎక్కడైనా అక్షరం తప్పితే ఆ పాపం మిర్చిదే.

చిలకలూరిపేట నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. వాళ్ల అమ్మాయి ఇంటర్ బైపీసీ అయ్యాక రెండేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుంది. మెడికల్ సీటు రాలేదు. బీఎస్సీ ముగించింది. ఇప్పుడు ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో చేరతానంటోంది. "మాస్టారూ, అది చదివితే డాక్టరవుతుందా? అవకపోతే అంత చదువు ఎందుకండీ?" అని అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క ముక్క: అవదమ్మా. రెండో ప్రశ్న కోసమే ఈ ఉత్తరం.

మొదటి ముక్క కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. మన దేశంలో ఎమ్మెస్సీ కాదు కదా, పీహెచ్‌డీ చేసినా ఎంబీబీఎస్‌లో చేరాలంటే మళ్లీ నీట్ రాయాల్సిందే. 180 ప్రశ్నలు, 720 మార్కులు, మొదటి సంవత్సరం నుంచే చదువు. పక్క తలుపు లేదు. 2022లో నీట్‌కు గరిష్ఠ వయసు హద్దు తీసేశారు కాబట్టి ఎమ్మెస్సీ అయ్యాక ఇరవై అయిదేళ్లకు కూడా రాయొచ్చు, అంతే. ఎవరైనా కౌన్సెలర్ గారు "బయోమెడికల్ కోర్సు చేస్తే తర్వాత మెడిసిన్‌లోకి మారొచ్చు" అంటే లేచి మజ్జిగ తాగి ఇంటికి వచ్చేయండి.

అమెరికా సంగతి వేరు. అక్కడ ముందు నాలుగేళ్ల డిగ్రీ, ఆ తర్వాత ఎంక్యాట్ పరీక్ష, దాని తర్వాతే మెడికల్ కాలేజీ. డిగ్రీలో మార్కులు చాలని పిల్లలు మధ్యలో ఒకటి రెండేళ్లు బయోమెడికల్ సైన్సెస్‌లో మాస్టర్స్ చేస్తారు. కొన్నిచోట్ల మెడికల్ విద్యార్థుల పక్కనే కూర్చుని, వాళ్ల పాఠాలే విని, వాళ్ల పరీక్షలే రాసి "మేమూ తట్టుకోగలం" అని చూపిస్తారు. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో 1975 నుంచే ఈ పద్ధతి నడుస్తోంది. డాలస్‌లో ఉన్న మా పాత విద్యార్థి కొడుకు ఇప్పుడు అలాంటి కోర్సులోనే ఉన్నాడు. ఫీజు విని నేను కుర్చీలో వెనక్కి వాలాను. అయితే ఆ అబ్బాయి అక్కడే పుట్టినవాడు. ఇక్కడి నుంచి విద్యార్థి వీసా మీద వెళ్లేవాళ్లను అక్కడి మెడికల్ కాలేజీలు చాలావరకు తీసుకోవు. ఈ తేడా చెప్పకుండా ఎకరం అమ్మించేవాళ్లున్నారు, జాగ్రత్త.

ఇక రెండో ప్రశ్న. దీనికి మా ఇంట్లో జరిగిన సంగతే చెప్తాను.

పోయిన వేసవిలో మా ఆవిడకు షుగర్ పరీక్ష చేయించాను. ఉదయం ఆరున్నరకే ఒక కుర్రాడు ఇంటికొచ్చి, పరగడుపున రక్తం తీసుకుని, ఎర్ర మూత ఉన్న సీసాలో పోసుకుని, బండి మీద తుర్రుమన్నాడు. ఇంకో నాలుగు ఊళ్లు తిరిగి, ఎండ ముదిరాక ఎక్కడో బస్సుకు అందించాడట. ల్యాబ్ పేరు అనవసరం. సాయంత్రానికి రిపోర్టు ఫోన్లో వచ్చింది: 104. ఎప్పుడూ నూట నలభైకి తగ్గని మనిషి! ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. మాత్ర సగం చేసుకోవచ్చని పక్కింటాయన సలహా. మా ఆవిడ ఆ ఆనందంలో రెండు అరిసెలు తిన్నది.

రాత్రి ఎనిమిదింటికి ఫోను. బైపీసీలో నా దగ్గర చదువుకున్న పిల్ల. సీటు రాలేదని అప్పట్లో నెల రోజులు గడప దాటని పిల్ల. తర్వాత ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చేసి, ఆ ల్యాబ్‌లోనే పనిచేస్తోందని నాకు ఆ రోజే తెలిసింది. "మాస్టారూ, అమ్మగారి రిపోర్టు నమ్మకండి. సీసా నా బల్ల మీదికి వచ్చేసరికే రక్తం తీసి అయిదు గంటలైంది, అదీ ఎర్ర మూత. మాత్రలు మార్చొద్దు. రేపు మళ్లీ తీయించండి, బూడిద రంగు మూత సీసాలో తీయమని చెప్పండి" అంది.

మర్నాడు వచ్చిన అంకె 148.

విషయం ఇదీ. రక్తం సీసాలోకి వచ్చినంత మాత్రాన ఎర్రకణాలు చచ్చిపోవు. వాటికి ఆకలి ఉంటుంది. మైటోకాండ్రియా లేని కణాలవి, గ్లూకోజు తప్ప వేరే దిక్కు లేదు. కాబట్టి సీసాలో ఉన్న చక్కెరనే తింటూ కూర్చుంటాయి. మామూలు వేడిమిలోనే గంటకు నూటికి అయిదు నుంచి ఏడు పాళ్లు తరిగిపోతుంది. మా ఎండల సంగతి చెప్పక్కర్లేదు. మా ఆవిడ షుగర్‌ను తగ్గించింది మందు కాదు, ఆవిడ ఎర్రకణాలే, అదీ ఒంట్లో కాదు, బస్సులో. రక్తాన్ని వెంటనే తిప్పి సీరం వేరు చేసి ఉంటే ఎర్ర మూత సీసా అయినా ఇబ్బంది లేకపోయేది. బూడిద మూత సీసాలో సోడియం ఫ్లోరైడ్ పొడి ఉంటుంది. అది ఎనొలేజ్ అనే ఎంజైమును కట్టేసి ఈ తిండిని ఆపుతుంది. అదీ వెంటనే ఆపదట, గంట పైనే పడుతుందట. ఈ "అట"లన్నీ ఆ పిల్ల నాకు చెప్పిన పాఠం. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పినవాడిని, ఎర్రకణం బొమ్మ బోర్డు మీద వేల సార్లు వేసినవాడిని, దానికి సీసాలో ఆకలేస్తుందని ఎప్పుడూ తట్టలేదు.

ఫ్లోరైడ్ పేరు వినగానే మా వైపు వాళ్లకు వేరే సంగతి గుర్తొస్తుంది. మాకు పడమటగా దర్శి, పొదిలి, కనిగిరి పల్లెల్లో బోరు నీళ్లలో ఉన్నది ఇదే. గారపట్టిన పళ్లు, వంగని నడుములు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు గుర్తించి రాసింది కూడా ఈ పల్లెలను చూసే. అప్పట్లో ఇవి నెల్లూరు జిల్లాలో ఉండేవి. కనిగిరిలో ఎముకను కొరికే పదార్థం సీసాలో చిటికెడు ఉంటే షుగర్ అంకెను కాపాడుతోంది. ఎంత మోతాదులో, ఎక్కడ, దేన్ని పట్టుకుంటుంది అన్నది తెలుసుకోవడమే ఈ చదువు. డాక్టరుగారు చీటీ రాసేముందు చూసే అంకె వెనక ఇదంతా ఉంటుంది. అంకె తప్పయితే ఎంత గొప్ప డాక్టరైనా తప్పు మందే రాస్తాడు.

మా పొలాల్లోకే రండి. పత్తికీ మిరపకూ పురుగుమందు కొట్టి, సాయంత్రానికి చొంగ కారుతూ, చెమటలు పోస్తూ, కంటిపాపలు సూదిమొనంత అయి ఆస్పత్రికి వచ్చేవాళ్లను చూశాం. తాగినవాళ్లనూ చూశాం, ఆ మాట ఇక్కడ వద్దు. ఆర్గానోఫాస్ఫేట్ మందులు కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పట్టేస్తాయి. నరాల కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ పని అయ్యాక విరిగిపోవాలి, విరగదు, పేరుకుపోతుంది. డాక్టర్లు అట్రోపిన్ ఇస్తారు. ఆ ఎంజైము ఎంత మిగిలిందో చెప్పే పరీక్ష ల్యాబ్ వాళ్లది. ప్రాణం పోసినవాడు డాక్టరే, కాదనను. బల్ల దగ్గర నిలబడ్డ మనిషి పేరు మాత్రం ఎవరూ అడగరు.

ఈ మాటకే నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. మీకు తెలిసిన కథే, కానీ ఈ కోణంలో ఒకసారి చూడండి. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. ఈ ముక్క లాంగ్‌టర్మ్ పిల్లలు గోడకు రాసుకోవాలి. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కోటు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే కింది మెట్టు ఎల్ఎంఎస్. మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకున్నారు. 1922లో బోస్టన్ చేరి, ఉష్ణమండల వ్యాధుల్లో డిప్లొమా చేసి, బతకడానికి ఆస్పత్రిలో చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డ్‌లో బయోకెమిస్ట్రీలో పడ్డారు. మన పిల్లలు బయోకెమిస్ట్రీ నుంచి డాక్టరీకి పోవాలనుకుంటారు. ఆయన డాక్టరీ నుంచి బయోకెమిస్ట్రీకి వెళ్లారు.

1925లో అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని రంగు చూసి కొలిచే పద్ధతి కనిపెట్టారు. అమ్మోనియం మాలిబ్డేట్ వేస్తే చివరికి నీలం రంగు తేలుతుంది, ఎంత చిక్కటి నీలమైతే అంత భాస్వరం. ఆ పద్ధతితోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది, హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో లెడర్లీ ల్యాబొరేటరీస్ అనే మందుల కంపెనీకి వెళ్లాక ఆయన బృందం పని వరస కట్టింది: ఫోలిక్ యాసిడ్ తయారీ, దానికి విరోధులైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్, బోదకాలుకు హెట్రజాన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సర్ వచ్చిన 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. ఆ ఫలితం 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు, యాభై మూడేళ్లకే.

కోస్తా ఊళ్లలో ఇంటింటికీ తిరిగి బోదకాలు మాత్రలు మింగించిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ మాత్రల్లోని డీఈసీ ఆయన బృందం తెచ్చిన హెట్రజానే. మింగించిన కార్యకర్తకూ తెలియదు, మింగిన మనకూ తెలియదు.

చిలకలూరిపేట అమ్మగారికి ఇప్పుడు తిన్నగా చెప్తాను. మీ అమ్మాయి చదువుతానంటే చేర్చండి. కానీ సీటు రాని బాధకు పూతమందుగా చేర్చకండి. ఏ ఎమ్మెస్సీ, ఎక్కడ అన్నది చూసుకోండి. విశ్వవిద్యాలయంలో చేసేది రెండేళ్లు. ఢిల్లీ ఎయిమ్స్ లాంటి వైద్య సంస్థల్లో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీలో చేసే ఎమ్మెస్సీ వేరు, అక్కడ ఆస్పత్రికి దగ్గరగా ఉండి నేర్చుకుంటారు. ఆ దారిలో వెళ్లినవాళ్లు వైద్య విద్యార్థులకే పాఠాలు చెప్తుంటారు. మెడికల్ కాలేజీలు అలాంటివాళ్లను ఎంతమందిని తీసుకోవచ్చన్న నిబంధన మాత్రం స్థిరంగా ఉండదు, 2020లో గట్టిగా కోత పెట్టారు కూడా. చేరే ముందు తాజా నిబంధన ఏమిటో అడగండి. పరిశోధన మీద మనసుంటే సీఎస్ఐఆర్ నెట్ లాంటి ఫెలోషిప్ పరీక్షలున్నాయి. ఆస్పత్రి ల్యాబ్ మీద మనసుంటే, అనుబంధ ఆరోగ్య వృత్తుల వాళ్లను నమోదు చేయడానికి 2021లో పార్లమెంటు చట్టం చేసింది, తను చేయబోయే కోర్సు దాని కిందికి వస్తుందా రాదా అన్నది చూసుకోమనండి. జీతం గురించి అబద్ధం చెప్పను. చిన్న ల్యాబుల్లో తక్కువ. ఆ రాత్రి ఫోన్ చేసిన పిల్ల ఇప్పటికీ బస్సులోనే వెళ్తుంది.

ఇంకొక్క మాట, చుట్టాల గురించి. పెళ్లిళ్లలో "అయ్యో, మెడిసిన్ రాలేదా" అనేవాళ్లను ఆపడం మన తరం కాదు. ఇంట్లో మాత్రం ఆ మాట వాడకండి. నెల రోజులు గడప దాటని పిల్లను నేను చూశాను కనక అంటున్నాను.

మిర్చి ఘాటు ఇంకా తగ్గలేదు. మా పనమ్మాయి తొడిమలు తీసి, చేతులు మండుతున్నాయని మజ్జిగలో ముంచుకుని కూర్చుంది. నీళ్లతో ఆ మంట ఎందుకు పోదంటే, కారానికి మూలమైన క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. అది వేడిని పసిగట్టే నరాల తలుపునే తడుతుంది, అందుకే నిప్పు లేకుండానే కాలినట్టుంటుంది. ఆ తలుపును కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. మన కల్లాల్లో ఆడవాళ్లకు మజ్జిగ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. మన పిల్లల్లో ఎవరైనా ఎప్పుడైనా ఆ "ఎందుకు" కూడా అడిగి ఉంటే ఎంత బాగుండేది.

మీ
అద్దంకి జువాలజీ మాస్టారు

తా.క.: రక్తం ఇచ్చేటప్పుడు మూత రంగు చూడండి, షుగర్‌కైతే బూడిద రంగు అడగండి. ఇంకో కోరిక. మీ దగ్గర్లో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ఉన్న కాలేజీ ఉంటే ఒకసారి వెళ్లి, రంగు చిక్కదనాన్ని కొలిచే కలరీమీటర్ పనిచేస్తోందో లేదో కనుక్కుని నాకు రాయండి. పేర్లు వద్దు, పనిచేస్తోందా లేదా చాలు. సుబ్బారావు గారి నీలం రంగును చూడకుండా, పుస్తకంలో చదివి రాసి పాసైన పిల్లలు ఇద్దరు మొన్న మా ఇంటికి వచ్చారు.