మిట్ట దిగే ముందు

మామిడి కోతలు దగ్గరపడేకొద్దీ సోమల చుట్టుపక్కల పాత ట్రాక్టర్ ఉన్న ఇళ్లలో ఒక మాట నలుగుతూ ఉంటుంది. బ్రేకులు విప్పించి చూడాలా, ఈ ఏడాదికి ఇట్లే లాగించేద్దామా? మా ఇంట్లోనూ అంతే. "పడతానే ఉండాయి కదరా, పనిచేసేదాన్ని కెలికేదెందుకు?" అంటాడు మా నాయన. బండి తోలేది మా తమ్ముడు కాబట్టి వాడి బాధ వేరే. బండి షెడ్డులో పడుంటే దున్నకానికి పిలిచినోళ్లు ఇంకో బండిని పిలుచుకుంటారు. అట్లా ఒకసారి చేజారిన బాడుగ మళ్లీ మన గడప తొక్కడం కష్టం.

ఇద్దరి మాటలోనూ న్యాయముంది. పాత బండి విప్పితే తుప్పుపట్టిన బోల్టు పుటుక్కున తెగుతుంది. ఒకటి చూడబోతే నాలుగు బయటపడతాయి. చేయి తిరగని మెకానిక్కు చేతిలో పడితే బాగున్నది కూడా పాడవుతుంది. ఇవన్నీ తెలిసే, ముందు పైపైన చూసుకుని, తేడా కనబడితే విప్పించాల్సిందేనని నేను పట్టుబడతాను.

ఎందుకంటే చేలో ట్రాక్టర్‌కు బ్రేకుతో పెద్ద పని ఉండదు. మడకలు భూమిలో దిగి ఉండగా క్లచ్చి తొక్కితే బండి ఉన్నచోటే నిలుస్తుంది. మట్టే దాన్ని పట్టుకుంటుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇట్లా గడిచిపోతాయి కాబట్టి బ్రేకు ఎంత అరిగిందీ తోలేవాడికి తెలిసే అవకాశమే రాదు. అది తెలిసేది బరువు తగిలించుకుని రోడ్డెక్కి, మిట్ట దిగేటప్పుడు. ఆ వేళకు వెనక తగిలించిన ట్రక్కు నిండుగా ఉంటుంది, పక్కన మడ్‌గార్డు మీద ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. బ్రేకు సంగతి మొదటిసారి అక్కడ తెలియడం నాకు భయంగా ఉంటుంది.

మనది మిట్టపల్లాల సీమ. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. చిత్తూరు అందులో సగం ఎత్తులో ఉంటుంది. మొగిలి ఘాటైనా, భాకరాపేట ఘాటైనా ఆ తేడాలోంచి పుట్టినవే. టమోటా బాక్సులు మదనపల్లె యార్డుకు పోతాయి గానీ, మామిడి ఎక్కువగా కిందికే పోతుంది, దామలచెరువు మండీకో, చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకో. అంటే ఏడాదిలోకెల్లా పెద్ద బరువును దిగుడులో దించుకుపోవాలి. ట్రాక్టర్ తన బరువు రెండు టన్నులకు అటూ ఇటూ. వెనక ట్రక్కులో కాయ మూడు నాలుగు టన్నులు. ట్రాక్టర్‌కు బ్రేకు ఉండేది వెనక చక్రాలకే. చాలా ట్రక్కులకు బ్రేకన్నదే లేదు. దిగుడులో ట్రక్కు ముందున్న బండిని నెడుతుంది. వేగం రెండింతలైతే ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. న్యూట్రల్ వేసి బండిని దొర్లనిస్తే డీసలు మిగులుతుందనుకునే వాళ్లు ఈ లెక్క వేసుకోవాలి. ఏ గేరులో మిట్ట ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు ఊరికే చెప్పలేదు.

2022 డిసెంబరులో చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలంలో పెళ్లివాళ్లను ఎక్కించుకుని పోతున్న ట్రాక్టర్ బోల్తాపడి ఆరుగురు చనిపోయారు. ఆ బండి బ్రేకులు ఎట్లా ఉన్నాయో నేను ఊహించి చెప్పను. కానీ ఆ కబురు విన్నప్పటి నుంచి మా బండిలో జనం ఎక్కితే నా కళ్లు ముందు పెడళ్ల మీదికి పోతాయి.

పెడళ్లంటే గుర్తొచ్చింది. ట్రాక్టర్‌కు బ్రేకు పెడళ్లు రెండు, ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి. కయ్య చివర గనెం దగ్గర తిప్పేటప్పుడు ఒకటే తొక్కితే ఆ చక్రం ఆగి బండి అక్కడికక్కడే తిరుగుతుంది. మా చిన్న చిన్న కయ్యల్లో ఇది లేనిదే సేద్యం సాగదు. అయితే ప్రతి డ్రైవరుకూ ఒక వైపు అలవాటు ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకవైపే తిప్పి తిప్పి ఆ వైపు బ్రేకు ముందు అరుగుతుంది. రోడ్డెక్కేటప్పుడు రెండు పెడళ్లనూ కలిపి గొళ్లెం పెట్టాలి. గొళ్లెం పెట్టినా, లోపల ఒకటి అరిగి ఇంకొకటి బాగుంటే గట్టిగా తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. ముందు బండి కాస్త అడ్డం తిరిగితే చాలు, వెనక బరువు దాన్ని మెలిపెట్టి పడేస్తుంది.

పాత మాసీలు, స్వరాజ్‌లు, మహీంద్రాలు చాలావాటికి డ్రై డిస్కు బ్రేకులే. ఇప్పుడొచ్చే బండ్లలో డిస్కులు నూనెలో మునిగి ఉంటాయి, అవి చల్లగా ఉండి ఎక్కువ కాలం వస్తాయి. మా బండి పాతరకం. దాంట్లో రెండు డిస్కుల నడుమ రెండు ఇనుప పలకలుంటాయి. వాటి మధ్య ఏటవాలు గుంతల్లో ఉక్కు గుండ్లు. పెడల్ తొక్కితే పలకలు కొంచెం తిరుగుతాయి, గుండ్లు వాలు ఎక్కుతాయి, పలకలు విడిపోయి డిస్కులను అదిమిపెడతాయి. ఎంత చక్కటి ఏర్పాటో! దాన్ని చెడగొట్టేవి రెండు. ఒకటి నీళ్లు. వరికయ్యలో బురద దున్నేటప్పుడు లోపలికి పోయిన తేమకు గుండ్లు తుప్పుపట్టి బిగుసుకుంటాయి. రెండోది నూనె. ఆయిల్ సీలు అరిగితే గేర్ ఆయిల్ చెమర్చి లైనింగు మీదికి చేరుతుంది. నూనె తాగిన లైనింగు ఎంత మందంగా ఉన్నా పట్టదు. బయట నట్టు ఎంత బిగించినా లాభం లేదు.

ఆ నట్టు సంగతే నాకు ఎక్కువ బాధ. బ్రేకు లోతుకు పోతోందంటే చాలా షెడ్లలో రాడ్డు నట్టు రెండు చుట్లు బిగించి పంపిస్తారు. పెడల్ పైకి వస్తుంది, మనసు కుదుటపడుతుంది. లోపల అరుగుదల మాత్రం అట్లే ఉంటుంది. అందుకే విప్పాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి నేను మొదట ఆ రాడ్డు చూస్తాను. నట్టు బిగించడానికి ఇంకా మర ఎంత మిగిలిందో చూస్తే ఇన్నాళ్లు ఎంత దాటవేశామో తెలిసిపోతుంది. తర్వాత చక్రం లోపలి వైపు వంగి చూడాలి. రిమ్ము మీద నూనె జిడ్డు, దానికి అంటిన మట్టి కనబడితే ఆలోచించే పనిలేదు. ఆపైన సమంగా ఉన్న మట్టినేల మీద ఖాళీ బండిని మెల్లగా తోలి, గొళ్లెం పెట్టిన పెడళ్లను ఒక్కసారి తొక్కి, దిగి వెనక గీతలు చూడాలి. రెండు గీతలూ ఒకే పొడవు ఉండాలి. కొంత దూరం తోలి వచ్చాక బ్రేకు డబ్బాల దగ్గర వేడి చూడాలి. ఒకటి కాలిపోతూ ఇంకొకటి చల్లగా ఉంటే లోపల ఏదో బిగుసుకుందనే అర్థం. వీటికి పైసా ఖర్చు లేదు, ఒక పొద్దు చాలు. ఇవన్నీ సరిగ్గా ఉంటే నాయన మాటే విని, దున్నకం అయ్యేదాకా ఆగడానికి నాకు అభ్యంతరం లేదు. ఏ ఒక్కటి తేడా వచ్చినా కాయ కోయకముందే విప్పాలి.

బ్రేకు సరిగ్గా పట్టకపోతే రాయి ఉంది కదా అనేవాళ్లూ ఉంటారు. మిట్ట మీద ఆపగానే చక్రం కింద రాయి పెట్టడం మా పక్క అందరికీ అలవాటు. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి, ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరినప్పుడు జరిగిందీ అదే. పదడుగులు కదలడం, ఆగడం, రాయి పెట్టడం. రాయి పెట్టడం మంచిదే, పెట్టాల్సిందే. కానీ నిలబడ్డ బండికే రాయి పనికొస్తుంది.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఉంది కదా అంటాడు తమ్ముడు. రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్లు, తర్వాత 5 ఏళ్లకొకసారి చూపించుకోవడం. లైనింగు ఆ అయిదేళ్లు ఆగి అరగదు కదా.

ఈసారి మా బండికి కుడి రిమ్ము లోపల జిడ్డు కనబడింది. నాయన వంగి వేలితో తుడిచి చూసి, వాసన చూసి, "సరే, విప్పించండి" అన్నాడు. కుడివైపు ఒకటే చాలదా అని మెకానిక్కు అడిగితే రెండు వైపులా డిస్కులు, సీళ్లు ఒకేసారి మార్చమన్నాము. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బండి పక్కకు లాగే బెడద అట్లే ఉంటుంది. విప్పేటప్పుడు దుమ్మును గాలి కొట్టి ఊదొద్దని, తడిగుడ్డతో తుడవమని కూడా చెప్పాను. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు చేటు. ఇక ట్రక్కు మిగిలింది. దానికి బ్రేకు లేదు, ఇప్పట్లో పెట్టించే స్తోమతా లేదు. అందుకని కాయ కొంచెం తగ్గించి ఇంకో నడక ఎక్కువ తోలేటట్టు, కాయ మీద మనుషుల్ని ఎక్కించకుండా ఉండేటట్టు తమ్ముడితో ఒప్పించుకున్నాము. డీసలు ఖర్చు పెరుగుతుంది. నాయన ఆ ఖర్చు కూడా పుస్తకంలో రాసుకున్నాడు.