మోటారు ఖర్చు పోను

విజయనగరం, 4 మే 2025, ఆదివారం

పొద్దున్న స్విచ్చి వేస్తే బోరు మోటారు ఒక్కసారి మూలిగి ఊరుకుంది. కాలిన వాసన. మెకానిక్కి ఫోన్ చేస్తే చూడకుండానే చెప్పేశాడు: "వైండింగ్ పోయుంటాది మేడమ్, పైపులన్నీ పైకి లాగాల." ట్యాంకు అడుగున మిగిలిన నీళ్ళు మూడు పోర్షన్లకీ మధ్యాహ్నం దాకా రాలేదు. వీధి కొళాయి దగ్గర నేను ఆరు బిందెలు, పాప నాలుగు పట్టాం. బడికి సెలవులు కాబట్టి సరిపోయింది.

ఓనరు మామ్మగారు అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్నారు. సంగతి చెబితే తలెత్తకుండా, "మావోడితో సెప్తాను తల్లీ" అన్నారు. మావోడంటే హైదరాబాదులో ఉన్న కొడుకు. ఈ ఇంట్లో గోడకి మేకు కొట్టాలన్నా మావోడితో చెప్పాలి.

7 మే

మావోడు ఫోను ఎత్తలేదట.

నీళ్ళు లేవన్న సంగతి ముందు తెలిసేది వంటింట్లో కాదు, దొడ్లో. రెండు బిందెలతో వంట గడిచిపోతుంది. లెట్రిన్‌కి మాత్రం ఎంత మోసినా చాలదు. పాప పగలు నీళ్ళు తాగడం తగ్గించేసిందని ఇవాళ గమనించాను. అడిగితే "దాహం లేదమ్మా" అంది. మే నెలలో దాహం లేదట.

పై గదిలో ఐదుగురు కుర్రాళ్ళు. పాలకొండ వైపు వాళ్ళు, డీఎస్సీకి చదువుతున్నారు. 16,347 పోస్టులు, జూన్ 6 నుంచి పరీక్షలు. వాళ్ళకి విడిగా దొడ్డి మూల ఒక లెట్రిన్ ఉంది, దానికి తలుపు బదులు గోనెపట్టా. నాలుగు రోజులుగా నీళ్ళు లేక అదీ వాడలేక, తెల్లారకముందే సీసాలు పట్టుకుని చెరువు గట్టుకి పోతున్నారు. "మొగపిల్లలు కదా, పరవానేదు" అన్నారు మామ్మగారు.

నిరుడు అక్టోబరులో గుర్లలో అతిసారం వచ్చి జనం చచ్చిపోయినప్పుడు మా బడిలో పిల్లలకి కాచిన నీళ్ళే తాగమని రోజూ చెప్పాం. చంపావతి నీళ్ళు చెడిపోయాయన్న మాట అప్పుడు ప్రతి నోటా ఉండేది. గట్టు మీద చేసినది ఎక్కడికి పోతుందో మాకందరికీ తెలుసు. తెలిసి కూడా పంపుతున్నాం.

9 మే

మావోడే ఫోను చేశాడు. గొంతు మర్యాదగానే ఉంది. "మేడమ్, సమ్మర్లో అందరికీ ఉండే ప్రాబ్లమే. మరీ ఇబ్బందైతే ఖాళీ చేసెయ్యండి. అగ్రిమెంటు కూడా మార్చిలోనే అయిపోయింది కదా."

రాత్రి బీరువా కింద అరలోంచి ఆ అగ్రిమెంటు తీశాను. వంద రూపాయల స్టాంపు కాగితం, పదకొండు నెలలు. రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవడానికే ఊరంతా పదకొండు నెలలు రాసుకుంటుంది. సంతకం పెట్టిన రోజున అద్దె, అడ్వాన్సు అంకెలు తప్ప ఏమీ చదవలేదు నేను. పిల్లలకి "ప్రశ్న రెండుసార్లు చదవండి" అని చెప్పేదాన్ని.

మూడో పేజీలో ఉంది: "సదరు గృహమునకు చెందిన బోరు, మోటారు, నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్డి సవ్యస్థితిలో ఉంచు బాధ్యత మొదటి పార్టీ వారిది." మొదటి పార్టీ అంటే ఓనరు. కోర్టు దగ్గర దస్తావేజు లేఖరి అందరికీ కొట్టే మూసలోని వాక్యమే అయ్యుంటుంది. దేవుడిలా కనిపించింది.

10 మే, శనివారం

మా సోషల్ మాస్టారి తమ్ముడు వకీలు. గంటసేపు ఓపిగ్గా చెప్పారు. గడువు అయిపోయినా ఓనరు అద్దె పుచ్చుకుంటూ ఉంటే నెలనెలా అద్దె కొనసాగినట్టేనట. ఖాళీ చెయ్యమంటే నోటి మాట చాలదు, పదిహేను రోజుల నోటీసు కావాలి. ఇవి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోవి. అందులోనే 108వ సెక్షన్లో ఇంకో మాట ఉంది: ఓనరు చేయించవలసిన మరమ్మతు నోటీసు ఇచ్చాక కూడా సకాలంలో చేయించకపోతే, అద్దెకున్నవాడు తానే చేయించుకుని ఆ డబ్బు అద్దెలో కోసుకోవచ్చు. తెల్లవాడి కాలంలో రాసిపెట్టిన సంగతి నాకు యాభై ఏళ్ళు దగ్గరపడుతుంటే తెలిసింది.

మెలిక "చేయించవలసిన" అన్న మాటలో ఉంది. ఏ మరమ్మతు ఓనరుది అన్నది కాగితంలో ఉండాలి. నా కాగితంలో ఉంది. మేడ మీద కుర్రాళ్ళకి అసలు కాగితమే లేదు, నెలకి మనిషికి పన్నెండొందలు చేతికిస్తారు, రసీదు కూడా ఉండదు.

ఇంకో సంగతి కూడా అడిగాను, నీళ్ళు ఆపడం నేరం కదా అని. ఆపడం వేరు, ఆగిపోవడం వేరు అన్నారాయన. అద్దె కోసమో ఖాళీ చేయించడానికో ఓనరు కొళాయి, కరెంటు కోస్తే 1960 నాటి అద్దె చట్టం కూడా ఒప్పుకోలేదు. దాని స్థానంలో 2017లో రాష్ట్రం కొత్త చట్టం తెచ్చింది, ఒప్పందం రాతలోనే ఉండాలంది. 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం ఇచ్చింది: ఇంటికి అడ్వాన్సు రెండు నెలలు మించకూడదు, గోడల సున్నం, నీళ్ళ పైపులు, కరెంటు వైరింగు ఓనరువి, కొళాయి వాషరు, స్విచ్చి, తలుపు గడియ మనవి. నమూనా కాబట్టి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చేసుకుంటేనే చట్టం. కానీ ఎవరిదేదో పంచుకోవడానికి ఆ జాబితా బాగుంది, రాసుకున్నాను.

కాలిపోయిన మోటారుకి ఇవేవీ కాదు, మూడో పేజీయే దిక్కు. సాయంత్రం నోటీసు రాసి, హెడ్ పోస్టాఫీసులో రిజిస్టర్ పోస్టు, అక్నాలెడ్జిమెంటుతో వేశాను. ఒకే గేటు లోపల ఉన్న మనిషికి.

13 మే, మంగళవారం

నిన్న బుద్ధపూర్ణిమ సెలవు. ఇవాళ పదకొండింటికి పోస్టుమ్యాన్ నా గుమ్మం ముందునుంచే వెళ్ళి మామ్మగారి చేత సంతకం పెట్టించుకున్నాడు. నేను కర్టెను వెనక్కి తప్పుకున్నాను. సిగ్గేసింది, ఎందుకో.

పావుగంటకి ఆవిడే వచ్చారు. చేతిలో విప్పని కవరు. "టీచరమ్మా, ఏదో గవర్మెంటు కాయితం వొచ్చినాది. కళ్ళజోడు ఇరిగిపోనాది. సదివి పెట్టవా తల్లీ."

నేను రాసిన నోటీసు నేనే ఆవిడకి చదివి వినిపించాను. రెండో వాక్యం దగ్గర గొంతు తడారింది. ఆవిడ నేల మీద కూర్చుని చెయ్యి చెంపకి ఆనించుకుని విన్నారు. మధ్యలో ఒకసారి, "ఈ సదరు యజమానురాలంటే నానేనేటి?" అన్నారు. అవునన్నాను. అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు.

"ఎదురుగా ఉన్నదానికి టపాలో ఏసినావా? నా మొగుడు సచ్చిపోనప్పుడు కూడా ఇన్ని టికెట్లంటించిన కాయితం రానేదు."

చెప్పాను, కోపం మీ మీద కాదని, రేపు మీ అబ్బాయి కాదంటే నా దగ్గర రుజువుండాలని. ఆవిడకి ఈ మూడు పోర్షన్ల అద్దె తప్ప వేరే రాబడి లేదు. అందులో సగం కొడుకు ఇంటి లోను కంతుకి పోతుందని ఇవాళే తెలిసింది. మోటారు వైండింగుకి అయిదు వేలంటే ఆవిడకి ఒక పోర్షను అద్దెలో చాలా భాగం. అలాగని పాప దాహం లేదనాల్సి రావడం న్యాయమైపోదు.

వెళ్తూ వెళ్తూ, "నువ్వే సేయించీ. అద్దెలో కోసుకో. ఆడికి నాను సెప్పుకుంటాను" అన్నారు. సెక్షన్ 108 చెప్పిందీ అదే.

18 మే

మోటారు దిగింది. వైండింగు 3,400, లాగుడు దింపుడు కూలి 1,500. మొత్తం 4,900. ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడుకి పాప మేడ మీదికి పరుగెత్తింది.

ఊరికే ఉండలేక కరెంటు లెక్క కూడా వేశాను. మూడు పోర్షన్లకీ ఒకే మీటరు, సబ్ మీటర్ల మీద యూనిట్‌కి పది రూపాయలు వసూలు. మామ్మగారు దోచుకుంటున్నారనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. బిల్లు చూస్తే వేరే కథ. స్లాబులు 30 దాకా 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. ఇంటికి 90 యూనిట్లయితే విడి మీటరు మీద సుమారు 260, మూడిళ్ళకీ 780. ఒకే మీటరు మీద 270 యూనిట్లకి 1,410. దాని మీద ఫిక్స్‌డ్ చార్జీ, ఇంధన సర్దుబాటు. మమ్మల్నందర్నీ ఒక్క మీటరుకి కట్టెయ్యడంతో బిల్లే దాదాపు రెట్టింపవుతోంది, వసూలు చేసినదంతా ఆవిడకి మిగలడం లేదు.

2003 విద్యుత్ చట్టంలో కనెక్షన్ అడిగే హక్కు "యజమాని లేదా ఆ ఇంట్లో ఉంటున్నవారు" అని ఉంది. ఓనరు ఒప్పుకోలేదన్న కారణంతో కరెంటు కాదనకూడదని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే మామ్మగారు, "అయితే ఏరే మీటరే ఎయ్యించుకో, నాకెందుకీ బేరం" అన్నారు. ఈసారి రిజిస్టర్ పోస్టు అక్కర్లేకపోయింది.

1 జూన్, ఆదివారం

అద్దె రోజు. కన్యాశుల్కంలో గిరీశం ఈ ఊళ్ళోనే పూటకూళ్ళమ్మ డబ్బు తినేసి ఉడాయించాడు. అద్దెకున్నవాళ్ళంటే ఓనర్లకున్న అనుమానానికి అంత పాత చరిత్ర ఉంది, ఒప్పుకోవాలి. అందుకే రసీదు నేనే రాశాను, ఆవిడ కొత్త కళ్ళజోడు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి సంతకం పెట్టారు. "మే నెల అద్దె 6,500. మోటారు ఖర్చు 4,900 పోను 1,600 ముట్టినది."

ఒక కాపీ ఈ పుటకి అంటించాను.

మేడ మీద కుర్రాళ్ళకి అయిదు రోజుల్లో పరీక్షలు. అగ్రిమెంటు రాయించుకోమని చెబితే, "ఇప్పుడడిగితే గది తీసీమంటారు మేడమ్, పరీక్షలైపోనీండి" అన్నారు. వాళ్ళ లెట్రిన్‌కి గోనెపట్టాయే ఉంది.