ఊరికే వచ్చిన చొక్కాలు

నంద్యాలలో పొద్దున్నే పరుగెత్తే అలవాటున్న మనిషికి టీషర్టు కొనుక్కునే పని పడదు. జూన్ 21న యోగా దినం, ఆగస్టు 29న జాతీయ క్రీడా దినోత్సవం, సెప్టెంబరు 29న గుండె దినం, అక్టోబరు 31న పటేల్ జయంతికి ఐక్యతా పరుగు, నవంబరు 14న మధుమేహ దినం, డిసెంబరు 1న ఎయిడ్స్ దినం, జనవరి 25న ఓటర్ల దినం. వీటిలో ఏదో ఒకదాని పేరు మీద 2కె రన్నో 5కె రన్నో పెడతారు. జెండా ఊపుతారు. ఒక టీషర్టు, అరటిపండు, నీళ్ల సీసా చేతికిస్తారు. చొక్కా ముందువైపు నినాదం, వీపు మీద ఆసుపత్రులు, కాలేజీలు, నగల దుకాణాల పేర్లు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక, అంతవరకు కర్నూలులో జరిగేవి ఇక్కడా మొదలయ్యాయి.

డబ్బు కట్టి పరుగెత్తేవి వేరే ఉన్నాయి. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్, చలికాలంలో విశాఖ నేవీ మారథాన్, ఎండాకాలంలో బెంగళూరు 10కె. చాలా చోట్ల నంబరు కాగితంతో పాటు సంచిలో చొక్కా కూడా పెట్టి ఇస్తారు. దాన్ని ఉచితమంటారు గానీ అది మనం కట్టిన రుసుములోంచి వచ్చేదే. నేను ఏళ్ల తరబడి ఆ లెక్క వేసుకోలేదు. ఇస్తున్నారు, తీసుకుంటున్నాను, అంతే.

నలభై దాటాక, షుగరు వచ్చేలా ఉందని డాక్టరు చెబితే ఎస్పీజీ మైదానంలో నడక మొదలుపెట్టాను. నడక మెల్లగా పరుగైంది. మొదటిసారి 5 కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తిన రోజు ఇచ్చిన చొక్కా నా దగ్గర ఇంకా ఉంది. దాని మీద ప్రేమ తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు. బడిలో ఆటల పీరియడంతా గోడకానుకొని కూర్చున్నవాడికి అది చిన్న సంగతి కాదు. ఆ తర్వాత వచ్చినవాటి సంగతి వేరు. వాటికోసం నేను రెండుసార్లు అబద్ధమాడాను. ఆ రెండూ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మొదటిది ఒక పెద్ద ఊరి హాఫ్ మారథాన్ గురించి. 21 కిలోమీటర్ల పరుగు. ముందు రోజే వెళ్లి నంబరు, చొక్కా తీసుకున్నాను. రాత్రికి మోకాలు పట్టేసింది. తెల్లవారి అందరూ పరుగెత్తుతుంటే నేను లాడ్జిలో పడుకున్నాను. పరుగు జరగలేదు, చొక్కా మాత్రం ఇంటికొచ్చింది. అంతవరకు తప్పేం లేదు. కొన్నాళ్లకు ఆ చొక్కా వేసుకొని మైదానానికి వెళ్లాను. కానిస్టేబుల్ సెలెక్షన్‌కు తయారయ్యే పిల్లలు అక్కడ రోజూ 1600 మీటర్లు సాధన చేస్తుంటారు, ఎనిమిది నిమిషాల లోపు పూర్తి చేయాలి. వాళ్లలో ఒకడు నా ఛాతీ మీది అక్షరాలు చదివి దగ్గరకొచ్చాడు. "సార్, ఆ పరుగు ఎంతసేపట్లో కొట్టినారు?" అన్నాడు. "రెండు గంటల పది నిమిషాలు" అన్నాను. అంకె ఎట్లా వచ్చిందో తెలియదు, నోట్లోంచి వచ్చేసింది. ఆ పిల్లవాడు నమ్మాడు. ఆ వయసులో సార్ అంత చేస్తే తను ఇంకెంత చేయాలో లెక్కలు వేసుకున్నాడు.

అమెరికాలో అట్లాంటా నగరంలో పీచ్‌ట్రీ రోడ్ రేస్ అని 10 కిలోమీటర్ల పరుగు 1970 నుంచి దాదాపు ఏటా జులై 4న జరుగుతోంది. 1971 నుంచి చొక్కా ఇస్తున్నారు. అది గీత దాటినవాళ్లకే అందుతుంది. ఆ ఏటి బొమ్మ ఏమిటో పరుగు రోజు దాకా బయటపెట్టరు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు సిగ్గేసింది. ఆ చొక్కా వేసుకున్న మనిషి ఎవరికీ సమాధానం వెతుక్కోనక్కర లేదు. తర్వాత ఆ పిల్లవాణ్ణి పక్కకు పిలిచి నిజం చెప్పాను. "పోనీలే సార్" అన్నాడు. ఆ మాటతో నా బరువేం దిగలేదు.

ఇంట్లో చొక్కాలు బీరువా అర నిండి మంచం కిందికి చేరాయి. మా ఇంట్లో ఆమె అడిగింది, ఇన్ని ఏం చేసుకుంటావని. మా సొంతూరు ఆళ్లగడ్డ. మా అమ్మ చేతిలో ఏ గుడ్డా వృథాగా పోయేది కాదు. నాయన పంచె పాతబడితే తువ్వాలుగా చిరిగేది. తువ్వాలు మెత్తబడితే ఇంట్లో పుట్టిన బిడ్డకు పొత్తిగుడ్డ అయ్యేది. చీరలు బొంతలోకి పోయేవి. ఆఖరికి మిగిలిన పీలిక పొయ్యి దగ్గర మసిగుడ్డ. అదే అలవాటుతో అమ్మ నా టీషర్టొకటి చింపి మసిగుడ్డ చేసింది. కాలే అంచు పట్టుకొని గిన్నె దించబోతే గుడ్డ కరిగి వేళ్లకు అంటుకుంది. బొబ్బలెక్కాయి. అది నూలు కాదు, పాలిస్టరు. మంటకు కాలి బూడిద కాదు, కరుగుతుంది. నీళ్లు పీల్చదు గనుక ఇల్లు తుడవడానికీ పనికిరాదు. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాయామం తర్వాత నూలు చొక్కాల కంటే పాలిస్టరు చొక్కాలే ఎక్కువ వాసన వేశాయని తేల్చారు. వాసన పుట్టించే ఒక రకం బాక్టీరియా ఆ గుడ్డ మీద బాగా పెరుగుతుందట. ఎన్నిసార్లు ఉతికినా చంకల దగ్గర ఆ వాసన పోకపోవడానికి కారణం అప్పటికి గానీ అర్థం కాలేదు.

పత్తి పండే నేల మనది. నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం 1906లో మొదలైంది. 'నరసింహ' పత్తి రకం అక్కడి నుంచే వచ్చింది. ఆ ఊళ్లో ఉండి, పెట్రోలియం నుంచి తీసిన దారంతో కుట్టిన చొక్కాలు ఇంటి నిండా పోగేసుకున్నాను.

ఇక వాటిని వదిలించుకునే మాట. స్టీలు సామాన్లామె వీధిలోకి వస్తే మూట ముందు పెట్టాను. చీరలు, ప్యాంట్లు ఏరుకొని టీషర్టులు వెనక్కి తోసింది. "ఈటికి ధర లేదు సార్" అంది. అప్పుడు ఆళ్లగడ్డ శిల్పులు గుర్తొచ్చారు. మా ఊరి శిల్పుల పేరు తెలియని వాళ్లుండరు. రోడ్డు పక్కన రేకుల షెడ్లలో దేవుళ్ల విగ్రహాలు తయారవుతుంటాయి. ఎండలో, రాతి దుమ్ములో పనిచేసే వాళ్లకు చొక్కాలు ఉపయోగపడతాయనుకున్నాను. మూట కట్టి బండి మీద పెట్టుకొని పోయాను. ఒక షెడ్డులో దించి, ఏదో పుణ్యం చేసినట్టు నిలబడ్డాను.

అక్కడి పెద్దాయన ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు. "మంచి మనసుతో తెచ్చినావు నాయనా. కానీ ఈ గుడ్డ చెమట పీల్చదు. ఉలి సానబట్టేటప్పుడు నిప్పురవ్వ పడితే ఒంటికి అతుక్కుంటాది" అన్నాడు. కాస్త ఆగి, "పాత పంచెలుంటే ఇయ్యి. మొగానికి కట్టుకుంటాం" అన్నాడు.

ఆ మాట విన్నాకే షెడ్డులోకి సరిగా చూశాను. గ్రైండరు రాతిని కోస్తుంటే తెల్లటి దుమ్ము మబ్బులా లేస్తోంది. కుర్రవాళ్ల కనుబొమ్మలు తెల్లగా అయిపోయాయి. మూతికి తువ్వాలు చుట్టుకున్నారు. ఇసుక పాలు ఎక్కువున్న రాతి దుమ్ములోని సన్నటి రేణువులు తువ్వాలు ఆపితే ఆగేవి కావు. నేరుగా ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తాయి. ఆ జబ్బుకు మందు లేదు. కోసే చోట నీళ్లు పారిస్తే దుమ్ము చాలావరకు అణుగుతుంది. ముఖానికి ఎన్95 మాస్కు కావాలి. వీళ్లకు ఏం కావాలో అడక్కుండా, నాకు అక్కర్లేనిది తెచ్చి వాళ్ల ముందు పోశాను. నా బీరువా ఖాళీ కావాలన్నదే నా అసలు అవసరం. దానికి దానమని పేరు పెట్టుకున్నాను.

2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో ఎవరూ తొడుక్కోలేని పాత బట్టలు గుట్టలుగా పడి ఉంటే గూంజ్ సంస్థ వాటిని ఏరి పనికొచ్చేలా చేసింది. దాన్ని 1999లో స్థాపించిన అంశు గుప్తాకు 2015లో మెగసెసే పురస్కారం వచ్చింది. బట్టలు ఊరికే పంచిపెట్టరు వాళ్లు. ఊరి జనం తమకు కావలసిన పనేదో కలిసి చేసుకుంటే ఆ కష్టానికి గౌరవంగా ఇస్తారు. నేను మూట దించిన తీరుకూ దానికీ ఎంత దూరమో!

ఆ చొక్కాలు చివరికి ఒక పనికి వచ్చాయి. మళ్లీ వెళ్లినప్పుడు చూశాను, లారీకెక్కే విగ్రహాల చేతుల సందుల్లో, ముక్కుల చుట్టూ వరిగడ్డితో పాటు వాటినీ కుక్కుతున్నారు. దారిలో రాయి రాయికి తగిలి పెచ్చులూడకుండా ఉంటుందట. ఈసారి మాస్కుల పెట్టె, అమ్మ దాచిన పాత పంచెలు పట్టుకెళ్లాను. పెద్దాయన పంచెలు చూసి సంతోషించాడు. మాస్కు పెట్టుకుంటే ఊపిరాడదని కుర్రవాళ్లు తీసేశారు. వాళ్లతో ఆ వాదన ఇంకా నడుస్తోంది.

రెండో అబద్ధం నంద్యాలలోనే. ఒక ఉచిత పరుగులో చొక్కాలు పంచే బల్ల వెనక నేనూ నిలబడ్డాను. పంపకం మొదలు కాకముందే నాకొకటి, మా అబ్బాయికొకటి, మా బామ్మర్దికొకటి కవర్లో వేసి బండికి తగిలించాను. బామ్మర్ది అసలు పరుగుకే రాలేదు. ముందు పెద్దలొచ్చారు, ఫొటోలయ్యాయి. బడిపిల్లలు చివర్న వచ్చారు. వాళ్లను జనం కనబడాలని పిలుస్తారు. కొందరు ఉత్త కాళ్లతోనే పరుగెత్తారు. సర్కారు కిట్టులో వచ్చిన బూట్లు బడికి వేసుకునేవి, అరిగిపోతాయని విప్పి చేత్తో పట్టుకున్నారు. వాళ్ల వంతు వచ్చేసరికి పెట్టెలు ఖాళీ. వరసలో ముందున్న పాప, యూనిఫాం చెమటకు తడిసిపోయి ఉంది, "అయిపోయినాయా సార్?" అంది. "అయిపోయినాయమ్మా" అన్నాను. నా బండి ఆమె వెనకే ఉంది.

ఎందుకట్లా అన్నానని ఎంత ఆలోచించినా మంచి కారణం దొరకలేదు. చొక్కా మీద ఆశ కూడా కాదు, ఇంట్లో అప్పటికే లెక్కలేనన్ని ఉన్నాయి. బల్ల వెనక ఉన్నవాడికి ముందు అందుతుందనే అలవాటు నన్ను అట్లా మాట్లాడించింది. ఆ పాప ఏ బడో తర్వాత అడిగి తెలుసుకున్నాను. కవరు తీసుకొని వెళ్లాను గానీ ఆ చొక్కాలు ఆమెకు మోకాళ్ల దాకా వచ్చాయి. మూడూ ఎక్సెల్ సైజువే.

పొద్దున మాతో పరుగెత్తేవాళ్ల దగ్గర ఇవన్నీ చెప్పాను. పరుగు ఎవరు నిర్వహించినా, పేర్లు రాసుకునేటప్పుడే చొక్కా కావాలా వద్దా అని అడగమందాం అన్నాను. బ్రిటన్‌లో కొన్ని పరుగుల్లో చొక్కా వద్దన్నవాళ్ల పేరున మొక్క నాటే ఏర్పాటుంది. చొక్కా ఒక్కటికి వంద రూపాయలే అనుకున్నా, ఐదు వందల మందికి యాభై వేలు. ఆ డబ్బుతో దారి పొడవునా నీళ్లు, ఓఆర్ఎస్, ఒక అంబులెన్సు పెట్టొచ్చు. మే నెలలో పొద్దున ఏడింటికే మాడ్చే మన ఊరి ఎండకు అవి ముఖ్యం.

దీనికి ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. చొక్కా మీద పేరు లేకపోతే మేమెందుకు డబ్బివ్వాలి అన్నాడు ఒక దుకాణదారు. ఆయన అడిగినదాంట్లో న్యాయముంది. నీళ్ల బల్లల దగ్గర ఆయన పేరు పెద్దగా రాయిస్తామంటే ఆలోచిస్తానన్నాడు. మాలో ఒకాయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. "నీకు మొదటి చొక్కా ఉంది గాబట్టి నువ్వు ఈ మాటంటాండావు. అది లేనోనికి ఆపితే ఎట్లప్పా?" అన్నాడు. ఆయనదే సరైన మాట. అందుకని మేం అడిగేది ఇప్పుడు మారింది. మొదటిసారి పరుగెత్తేవాళ్లకూ బడిపిల్లలకూ ముందు ఇవ్వాలి. నూలుదే ఇవ్వాలి. మాలాంటి పాతవాళ్లు బల్ల దగ్గరకే రాకూడదు. అక్టోబరు 31 పరుగుకు పిల్లల సైజులు ముందే రాసివ్వమని బడుల్లో పీఈటీ సార్లను అడిగాం. ఇద్దరు రాసిచ్చారు. ఎక్కువమందికి కావలసినవి 28, 30, 32 సైజులు.